రిబ్బన్ వెనక పుస్తకం

విశ్వాసమ్మ సంగతి చెప్పాలంటే ముందు ఒక ఎర్ర రిబ్బన్ సంగతి చెప్పాలి. ఆ మాట ఎత్తితేనే నాకు ఒళ్లు మండుతుంది. అయినా చెబుతాను.

కర్నూలులో ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీ వరండాలో నేను జిరాక్స్ మిషన్ నడుపుతాను. నా పేరు పరమేష్. కాలేజీ పేరు మాత్రం చెప్పను, నా నోటితో పలకడం నాకిష్టం లేదు. విశ్వాసమ్మ ఆ లైబ్రరీ ఊడ్చి తుడిచే మనిషి, కాంట్రాక్టు పని. యాభై దాటిన వయసు, సన్నటి మనిషి. బడి మొహం చూడలేదు గానీ చిన్నప్పుడు చర్చిలో బైబిలు పట్టుకొని తెలుగు నేర్చుకుంది. అక్షరాల కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్క ముక్క వదలకుండా చదువుతుంది. మధ్యాహ్నం బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా చదివిగానీ పారేయదు. దాని మీద నేను ఎన్నిసార్లు ఎగతాళి చేసినా నవ్వి ఊరుకునేది.

పోయిన దీపావళి అయ్యాక లైబ్రరీకి అట్టపెట్టెలు దిగాయి. ఆరోగ్య సమాచార గది అని కొత్తగా ఒక గది పెట్టారు. షుగరు, బీపీ, కిడ్నీ, కాన్పులు, ఒక్కో దాని మీద తేట తెలుగులో రాసిన పుస్తకాలు వచ్చాయి. ఏ మందు ఎందుకో, దేనితో కలిపి వేసుకోకూడదో చూసుకోవడానికి రెండు కంప్యూటర్లు పెట్టారు. కాలేజీ ఆస్పత్రికొచ్చే రోగులు, వాళ్లతో వచ్చినవాళ్లు ఎవరైనా లోపలికొచ్చి చదువుకోవచ్చని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. మంచి పనే, కాదనను. ఆ రోజు నేనూ సంతోషపడ్డాను. కానీ ఆ రాత కిందే పుస్తకాల అరలకు అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టేశారు. ముఖ్య అతిథి వచ్చి కత్తిరించేదాకా పుస్తకం ఎవరూ ముట్టకూడదట.

ఆ ముఖ్య అతిథికి తీరిక దొరకలేదు. ఇదిగో వస్తాడు అన్నారు, అదిగో వస్తాడు అన్నారు. రెండుసార్లు పూలదండలు తెప్పించి వాడిపోయాక పారేశారు. రిబ్బన్‌కు దుమ్ము పడితే విశ్వాసమ్మే విప్పి, ఉతికి, ఆరేసి మళ్లీ కట్టింది. రోగులు కిటికీలోంచి తొంగిచూసి వెళ్లిపోయేవారు. లోపల ఏసీ వేసుకొని లైబ్రేరియన్ భూపేష్ సారూ ఆయన స్నేహితులూ చదువుకోవడానికి వేసిన కొత్త బల్ల మీదే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తినేవారు. బల్ల నిండా నూనె మరకలు, కుర్చీల కింద మరమరాలు. అందరికీ అని రాసిన గోడ కిందే కూర్చొని చేతులు నాక్కునేవారు. వాళ్ల ఎంగిలి కూడా విశ్వాసమ్మే ఎత్తేది.

ఆమె భర్త ఏసేపు ఒకప్పుడు పత్తికొండ మార్కెట్లో టమాటా పెట్టెలు మోసినవాడు. షుగరు వచ్చి కాలు చెడ్డాక ఇద్దరూ కర్నూలు చేరారు. వాళ్ల చర్చిలో పాట ఎత్తేది ఆయనే. మైకు అక్కర్లేని గొంతు, వీధి చివరిదాకా వినబడేది. ఏటా ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలం నలభై రోజులూ పొద్దుగూకేదాకా ఉపవాసం ఉండేవాడు. ఈసారి శ్రమకాలానికి ముందే ఆస్పత్రిలో మాత్రలు పెంచారు. పొద్దున్నే వేసుకో, ఒక్కపూట కూడా మానొద్దు అన్నాడు డాక్టరు. ఉపవాసం మాట అడిగేలోగా వెనకవాళ్లు ముందుకు తోశారు. జబ్బున్నవాళ్లు ఉపవాసం ఉండనక్కర్లేదని పాస్టరు అయ్యగారు కూడా చెప్పాడు. ఏసేపు వినలేదు. డాక్టరు మాటా దాటను, దేవుడికిచ్చిన మాటా దాటను అన్నాడు. పొద్దున్నే మాత్ర మింగి, సాయంత్రందాకా ఉత్త మంచినీళ్లతో ఉండడం మొదలుపెట్టాడు.

విశ్వాసమ్మకు ఎక్కడో భయం పట్టుకుంది. నన్ను అడిగితే ఫోన్లో వెతికి చూపించాను. ఉపవాసముంటే షుగరు మాయమవుతుందని ఒకడు, మాత్రలన్నీ విషమని ఇంకొకడు. ఇద్దరికీ లక్షల మంది చూసేవాళ్లు. థూ అనుకొని ఫోను జేబులో పెట్టేశాను. ఆమె అప్పటికే అరలో ఒక పుస్తకం చూసిపెట్టుకుంది. షుగరు ఉన్నవాళ్లు ఉపవాసాలు ఎట్లా ఉండాలో రాసిన పుస్తకం. రంజాన్, శివరాత్రి, శ్రమకాలం అన్నీ అట్ట మీదే రాసి ఉన్నాయి. రోజూ గుడ్డతో దాని అట్ట తుడిచేది కదా, పేరు కంఠతా వచ్చేసింది.

భూపేష్ సారు దగ్గరికి వెళ్లి అడిగింది.

"సారూ, ఆ పుస్తకం ఇస్తే ఈడనే కూచోని చదువుకుంటా. మా ఇంటాయన ఉపవాసముండాడు. నాకు శానా బయంగా ఉండాది."

ఓపెనింగ్ కానీ అమ్మా, మొదటి పుస్తకం పెద్దాయన చేత్తో తీయాలి, నాలుగు రోజులు ఓర్చుకో అన్నాడు ఆయన. కోప్పడలేదు. ఎంతో మెత్తగా, నవ్వుతూ అన్నాడు. ఆ మెత్తదనం తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ రోత పుడుతుంది.

నేను వెళ్లి గొడవపడ్డాను. నీ మిషన్ నువ్వు చూసుకోప్పా అని తలుపేసుకున్నాడు. అరలకు తాళం కూడా లేదు, అడ్డం ఉన్నది జానెడు గుడ్డపీలిక. పైకెత్తి తీసుకోమన్నాను విశ్వాసమ్మతో.

"వద్దప్పా. అడిగితి, వద్దనిరి. వద్దన్నంక ముట్టుకుంటే దొంగతనమే" అంది.

ఆ తర్వాతి శుక్రవారం సాయంత్రం చర్చిలో ఉపవాస ప్రార్థన. ఏసేపు పాట ఎత్తాడు. రెండో చరణానికి మాట ముద్దముద్దగా వచ్చింది. చొక్కా చెమటతో తడిసిపోయింది, చేతులు వణికాయి. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన ప్రార్థనలో కరిగిపోతున్నాడనుకున్నారు. ఎవరూ కదిలించలేదు, కళ్లు మూసుకొని ఇంకా గట్టిగా పాడారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న విశ్వాసమ్మ కూడా భర్తను చూసి పొంగిపోయిందట. పడిపోయాక నీరసం అనుకున్నారు. మొహం మీద నీళ్లు చల్లి, మోకాళ్లూని ప్రార్థన చేసి, అప్పుడు ఆటో కోసం పరుగెత్తారు. ఉపవాసం విడిచేవాళ్ల టీ కోసం పక్కగదిలో డబ్బా నిండా చక్కెర ఉంది.

ప్రాణం దక్కింది. ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైందని, ఒంట్లో చక్కెర పడిపోయి అంతసేపు ఉంటే మెదడు తట్టుకోలేదని చెప్పారు డాక్టర్లు. ఏసేపు ఇప్పుడు మంచం మీద కూర్చొని గోడ వైపు చూస్తాడు. పెడితే తింటాడు. పాట లేదు, మాట లేదు. పెళ్లాం పేరు కూడా తెలియదు.

ఈస్టరు వెళ్లాక ముఖ్య అతిథికి తీరిక దొరికింది. కొత్త పట్టు రిబ్బన్ వచ్చింది, సమోసాలు వచ్చాయి. కత్తెర పడింది. చదువుతున్న మామూలు మనిషి ఫోటో కావాలన్నాడు పేపరువాడు. పిలిచి తెచ్చుకుందామంటే రోగుల బంధువులెవరూ లేరు, ఆ పూట జనం అడ్డమని వాళ్లను గేటు దగ్గరే ఆపేశారు కదా. భూపేష్ సారు చూపు తుడుపుగుడ్డతో మూల నిలబడిన విశ్వాసమ్మ మీద పడింది. ఈమెకు చదువొచ్చు సార్ అని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఏదో ఒక పుస్తకం పట్టుకో అన్నాడు.

ఆమె లేచి వెళ్లి ఆ పుస్తకమే తెచ్చుకుంది. పేజీ వెతికి, వేలు పెట్టి, చర్చిలో వాక్యం చదివినట్టు పైకి చదివింది. మాత్ర వేసుకొని తినకుండా ఉంటే ఒంట్లో చక్కెర పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట ముద్దగా వస్తుంది. మనిషి తెలివిలో ఉంటే వెంటనే చక్కెర తినిపించాలి. ఉపవాసం ఉండదలచినవారు ముందే డాక్టరును అడిగి మాత్ర మార్పించుకోవాలి.

ముఖ్య అతిథి చప్పట్లు కొట్టాడు. ఆయన్ను చూసి అందరూ కొట్టారు. ఆమె కళ్లలోంచి నీళ్లు కారి పుస్తకం మీద పడ్డాయి. కొంగుతో పేజీ ఒత్తి తలెత్తింది.

"ఈ పుస్తకాన్ని దీపావళి కాడ నుంచి నేనే తుడుస్తాండా సారూ."

చాలా శుభ్రంగా ఉంచావమ్మా అన్నాడాయన, సమోసా ప్లేటు అందుకుంటూ. భూపేష్ సారు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను వరండాలోకి వచ్చి ఉమ్మేశాను.

మర్నాడు ఫోటో పేపర్లో పడింది. చదువుకునే భాగ్యం కలిగినందుకు ఆనందబాష్పాలు రాలుస్తున్న మహిళ అని కింద రాశారు. కాలేజీవాళ్లు దాన్ని పెద్దది చేయించి, అద్దం కట్టించి, ఆ గదిలో రిబ్బన్ ఉండిన చోటికి పైన తగిలించారు. పొద్దున్నే ఏసేపుకు తినిపించి, మాత్ర వేసి, విశ్వాసమ్మ పనికి వస్తుంది. ఆ అద్దం కూడా ఆమే తుడుస్తుంది.