కొత్త మిషన్ మీద కుంకుమ

కొత్త యంత్రం పెట్టె తెరవగానే ముందు వచ్చేది థర్మాకోల్ వాసన. దాని వెనక కొత్త ప్లాస్టిక్, ఆ వెనక లోపలి ఇనుప భాగాలకు పూసిన సన్నని నూనె. రసాయన పరీక్షలు చేసే యంత్రాలను లాబుల్లో బిగించి, నడిపి చూపించి, అప్పగించి రావడం నా పని కాబట్టి ఈ వాసనలు నాకు అలవాటే. కాని మొన్న సిరిసిల్లలో, అద్దకం నీళ్ళను పరీక్షించడానికి కొత్తగా తెరిచిన ఒక చిన్న లాబులో, వీటితో పాటు హారతి కర్పూరం వాసన కూడా వచ్చింది. తలెత్తి చూస్తే లాబు యజమాని భార్య పళ్ళెం పట్టుకొని నిలబడి ఉంది. పళ్ళెంలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ. "అన్నా, బొట్టు ఎక్కడ పెట్టాలె?" అని అడిగింది. సిరిసిల్ల నా సొంత ఊరు. మా నాయన మరమగ్గాల మీద పనిచేసినవాడు. బొట్టు పెట్టకుండా మగ్గం మీదికి పడుగు నూలు చుట్టిన కొత్త బీము ఎక్కించేవాడు కాదు. అయినా నా చేయి దానంతటదే పోయి యంత్రం మూత మీద ఆనింది. "గోడకు పెట్టు చెల్లె," అన్నాను. ఆమె ఏమీ అనుకోకుండా గోడకు పెట్టింది. నాకు మార్త మేడం గుర్తుకొచ్చారు.

మార్త మేడం జగిత్యాలలో నీళ్ళు, మట్టి పరీక్షించే ఒక లాబులో పెద్ద కెమిస్టు. నా మొదటి ఉద్యోగం ఆమె కింద. వాళ్ళది పెగడపల్లి దిక్కు భూమి లేని కూలి కుటుంబం. ఆదివారం చర్చి, మిగతా రోజులు లాబు. పొట్టి మనిషి. నేత చీర మీద తెల్లకోటు, కోటు జేబులో ఎప్పుడూ ఒక తుడుపు గుడ్డ. నాకు చిన్నప్పటి నుంచి ఏ పనికైనా ముందు జాబితా రాసుకునే అలవాటు. చేరిన వారంలో లాబులో ఏమేం కావాలో, ఏది ఎక్కడ ఉండాలో రాసి ఆమె ముందు పెట్టాను. అద్దాలు సవరించుకొని చివరిదాకా చదివారు. "మంచిగున్నది తమ్మీ. పెండ్లి సామాను లెక్క ఉన్నది. గని పెండ్లికొడుకేడి?" అన్నారు. నాకు అర్థం కాలేదు. కాగితం పైన, అన్నిటికంటే ముందు, తన పెన్నుతో ఒక్క మాట రాశారు: బ్లాంక్.

బ్లాంక్ అంటే ఏమీ కలవని శుద్ధమైన నీళ్ళు. నమూనాకు చేసిన ప్రతి పనీ ముందు ఈ నీళ్ళకు చేయాలి. అదే ఆసిడ్ వేయాలి, అదే గ్లాసులో పోయాలి, అదే యంత్రంలో పెట్టాలి. సున్నా రావాలి. రాలేదంటే కల్తీ ఊరి నీళ్ళలో లేదు, మన చేతుల్లోనో గ్లాసుల్లోనో ఉంది. కాలేజీలో ఇది ఒక పేరాగ్రాఫు. మేడం దగ్గర ఇదే మొదటి పాఠం. "ముందు మనం ఎట్లున్నమో చూసుకోవాలె. తర్వాత ఊరి సంగతి," అనేవారు. ఒకసారి గ్లాసులు కడుగుతూ, ఎవరి గురించో చెప్తున్నట్టు చెప్పారు. "మా అమ్మ బిందె పట్టుకొని బాయి కాడ నిలబడేది. ఎవరో ఒకరు పైనుంచి పోసేటోళ్ళు. బిందె తాకితే నీళ్ళు ఖరాబైతయట. ఖరాబ్ అంటే ఏందో కొలిచి చూడాలని నాకు గప్పుడే అనిపించింది." చెప్పి నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

అప్పటిదాకా మా దగ్గర ఉన్నవి పాత పద్ధతులు: రంగు మారితే చూసే గొట్టాలు, చుక్కలు చుక్కలుగా ఆసిడ్ వదిలే గాజు బ్యూరెట్లు. నీళ్ళు ఉప్పనా, ఫ్లోరైడ్ ఉందా అనేది చెప్పగలిగేవాళ్ళం. సీసం లాంటి లోహాలు, అదీ అతి కొద్దిగా కలిస్తే, మాకు తెలిసేది కాదు. అందుకే ఎన్నో ఉత్తరాలు రాసి మేడం ఆ కొత్త యంత్రాన్ని తెప్పించారు. ఒక్క చుక్క నీటిని చిన్న గ్రాఫైట్ గొట్టంలో పెట్టి కాలుస్తుంది. ఆ ఆవిరి గుండా వెలుతురు పంపి, ఎంత వెలుతురు తగ్గిందో చూసి, సీసం ఎంతుందో చెప్తుంది. పక్కన గుండ్రని పళ్ళెంలో వేలెడంత కప్పులు, వాటిపైన పారదర్శకమైన మూత. ఇంజనీరు బిగించి, బ్లాంక్ నడిపి, సున్నా చూపించి వెళ్ళిపోయాడు.

ఆయన పోగానే అటెండరు రాజయ్య పళ్ళెంతో వచ్చాడు. లాబులో అందరికంటే పాతవాడు. కొత్త బీరువా వచ్చినా, కొత్త ఫ్యాను వచ్చినా పూజ ఆయనదే. "మేడం, ఇంత పెద్ద మిషన్ వచ్చింది. కాయ కొట్టకుంటె ఎట్ల?" "కొట్టు రాజన్న, నేనెందుకు వద్దంట?" అన్నారు మేడం. రాజయ్య కొబ్బరికాయ బయట కొట్టాడు, హారతి ఇచ్చాడు, తర్వాత ఎంతో ప్రేమగా ఆ మూత మీద వరుసగా కుంకుమ బొట్లు పెట్టాడు. మేడం చేయి కోటు జేబులోని గుడ్డ దాకా పోయి ఆగింది. నేను చూశాను. రాజయ్య ఇచ్చిన కొబ్బరి ముక్క తీసుకొని తిన్నారు.

ఆ యంత్రానికి వచ్చిన మొదటి పెద్ద పని కోరుట్ల దిక్కుది. ఊరు దాటాక పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఒకటి ఉంది. షెడ్డు వెనక ఒక వాడ, వాడకు ఒకటే చేతిపంపు. పిల్లలకు కడుపునొప్పి, కొందరికి ఫిట్స్. వాడవాళ్ళు ఫిర్యాదు ఇస్తే అధికారులు విచారణ పెట్టి, నీళ్ళు పరీక్షించమని మాకు రాశారు. మేడం, నేను వెళ్ళాం. పంపు పక్కన గడప మీద పోశవ్వ అనే పెద్దావిడ ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. ఆమె మనుమరాలు అక్షిత మా బాటిల్ నింపడానికి పంపు కొట్టింది. "నిరుడు ఎక్కాలు గడగడ చెప్పేది బిడ్డా," అంది పోశవ్వ మేడంతో. "ఈ యేడు ఒక్కటి రాదు. మతి ఏడ పోతున్నదో." తిరిగి జగిత్యాల వచ్చేదాకా సీలు వేసిన బాటిల్ మేడం ఒళ్ళోనే పెట్టుకొని కూర్చున్నారు.

సీలు తీసి, ఆసిడ్ వేసి, కప్పుల్లో పోసి నడిపాం. సీసం చాలా ఎక్కువ వచ్చింది. నేను సంబరపడ్డాను, ఆ మాట ఇప్పుడు రాయడానికి బాగాలేదు కాని, కొత్త యంత్రం పనిచేస్తోందని సంబరపడ్డాను. మేడం స్క్రీనులో పై వరుస చూపించారు. బ్లాంక్‌లో కూడా సీసం వచ్చింది. నీళ్ళు మార్చాం, ఆసిడ్ మార్చాం, కప్పులు మార్చాం. పోలేదు. చివరికి మేడం మూత ఎత్తి అంచును వేలితో రుద్దారు. వేలు ఎర్రగా అయింది. ఎండిన కుంకుమ మూత తెరిచి మూసినప్పుడల్లా పొడిగా రాలి కప్పుల్లో పడుతోంది. రాజయ్య వాడిన కుంకుమ ప్యాకెట్ తెప్పించి, చిటికెడు ఆసిడ్‌లో కరిగించి పెడితే యంత్రం కొలవలేనంత సీసం.

"దేవుని కుంకుమ మేడం, దాంట్ల సీసమెట్లుంటది?" అన్నాడు రాజయ్య. "దేవుంది కాదు రాజన్న. ప్యాకెట్ చేసినోనిది. ఇంట్ల వదినెను గిది పెట్టుకోవద్దను. పసుపు, సున్నం కలిపి చేసుకొమ్మను," అన్నారు మేడం. ఆయన పోయాక నావైపు తిరిగారు. "పెట్టిననాడే తుడవాల్సింది నేను. తుడిస్తే ఏమంటరో నీకెరుకే గద. గీమె చర్చికి పోతది, మన బొట్టు తుడిచిందంటరు. గందుకు ఊకున్న."

మూత తీసేసి, అన్నీ ఆసిడ్‌తో కడిగాం. బ్లాంక్ సున్నాకు దిగింది. అప్పుడు బాటిల్‌లో మిగిలిన చేతిపంపు నీళ్ళు మళ్ళీ పెట్టాం. సీసం మొదటిసారి కంటే కొంచెం తగ్గింది, కాని ఉంది. తాగదగ్గ హద్దుకు ఎన్నో రెట్లు ఉంది. ఇంకోసారి, మరోసారి పెట్టాం. అదే అంకె.

రిపోర్టు రాసేటప్పుడు మా లాబు డైరెక్టర్ సార్ మేడంను పిలిచారు. చెడ్డవాడు కాదు ఆయన. ఆ వాడకు మేలు జరగాలనే అనుకున్నాడు. "రెండోసారి వచ్చిన అంకె నిజమే కదా మేడం? అదొక్కటి రాయండి. మొదటిరోజు ముచ్చట ఎందుకు?" నాకూ అదే సరైనదనిపించింది, ఆ మాటే అన్నాను. మేడం యంత్రం వైపు చూపించారు. "పాత గొట్టాలైతే మనం రాసిందే ఉంటుండె. గిది అన్నీ యాదుంచుకుంటది సార్. రేపు షెడ్డోళ్ళు మొదటిరోజు అంకెలు తీస్తే, రెండోది కూడా అబద్ధమే అంటరు. అయినా ఒకటి దాచి ఇంకోటి నమ్మమంటే నేనైతే నమ్మ." మొదటి అంకెలు, అవి ఎందుకు పనికిరావో, ఎలా కడిగామో, తర్వాత ఏం వచ్చిందో అంతా రాశారు. రాజయ్య పేరు రాయలేదు. పర్యవేక్షణ లోపం నాది అని రాసి కింద సంతకం పెట్టారు. అనుమానముంటే వెంటనే కొత్త నమూనా తీయమని కూడా ఆమే రాశారు.

విచారణకు కాగితాలు మోసుకొని నేనూ వెళ్ళాను. షెడ్డు తరఫు వకీలు మా రిపోర్టులో ఒకే ఒక వాక్యం చదివాడు. కుంకుమ వల్ల యంత్రం కలుషితమైంది అన్న వాక్యం. రెండుసార్లు చదివాడు. "బాటిల్ సీలు తీసింది కూడా ఆ గదిలోనే. బొట్టుకు, బోరుకు తేడా తెలవని లాబు మాకు చెప్తదా సార్?" అన్నాడు. గదిలో నవ్వులు. మేడం లేచి నిలబడ్డారు. "తెలిసింది కాబట్టే రాసినం," అన్నారు. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. విచారణ అధికారులు రిపోర్టు పక్కన పెట్టి కొత్త నమూనా తీయమన్నారు.

మేము మళ్ళీ వెళ్ళేసరికి చేతిపంపు లేదు. పంపు పీకేసి, గుంతలో కాంక్రీటు పోశారు. వాడకు అవతలి చివర లోతైన కొత్త బోరు, దానికి నల్లా, పైన ఫ్లెక్సీ: షెడ్డు యజమాని దండం పెడుతున్న ఫోటో. ఆ నీళ్ళలో సీసం దాదాపు లేదు. "నీళ్ళు మంచిగనే ఉన్నయ్. గదొక్కటి నయం," అన్నారు మేడం. కాని విచారణ అక్కడితో మూసేశారు. షెడ్డు నడుస్తూనే ఉంది. వాడ నీళ్ళలో సీసం ఎన్నడూ లేదని కాగితం చెప్పింది. కాబట్టి పిల్లల ఒంట్లోనూ లేనట్టే. ఎవరికీ రక్తపరీక్ష రాయలేదు. జగిత్యాలలో కొందరు మేడం డబ్బు తిన్నదన్నారు, ఇంకొందరు కుంకుమను బద్నాం చేసిందన్నారు. ఈ రెండో మాట విని రాజయ్య టీకొట్టు దగ్గర ఒకడితో కొట్లాడి వచ్చాడట. ఆ సంగతి మేడంకు చెప్పొద్దని నన్ను బతిమాలాడు.

కొన్నాళ్ళకు పోశవ్వ లాబుకు వచ్చింది, అక్షితను వెంటబెట్టుకొని. మేడం తన కుర్చీ ఇచ్చారు. ఆమె కూర్చోలేదు.

"సీసమున్నదని నువ్వే రాసినవట. మల్ల మిషన్ ఖరాబైందని గూడ నువ్వే రాసినవట. ఏది నిజం బిడ్డా?"

"రెండూ నిజమే అవ్వా."

"రెండు నిజాలు పెద్దోళ్ళకు ఉంటయ్. మాకు ఒక్కటే ఉన్నది. పిల్ల కిందపడి కొట్టుకుంటున్నది. దవాఖానల సీసం అంటే కాయిదమేదని అడుగుతున్నరు. గా మిషన్ ముచ్చట రాయకపోతే నీకేమైతుండె?"

మేడం సెలవు పెట్టి, వాళ్ళిద్దరినీ కరీంనగర్‌లో తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన రక్తం హైదరాబాదుకు పంపించాడు. సీసం ఉందనే వచ్చింది. కాని అప్పటికి ఆలస్యమైంది. మందులతో ఫిట్స్ తగ్గాయి గాని పోయిన మతి తిరిగి రాలేదు. తర్వాత ఒకసారి నేను ఆ వాడకు వెళ్ళాను. అక్షిత బడి మానేసింది. పోశవ్వ ఆమెకు బీడీ ఆకు కత్తిరించడం నేర్పిస్తోంది. పిల్ల చేతిలో కొలత నిలవడం లేదు. ఒక ఆకు పెద్దది, ఒక ఆకు చిన్నది. పోశవ్వ వాటిని మళ్ళీ కత్తిరించుకుంటోంది.

ఆ యంత్రం బాధ్యత ఇంకొకరికి ఇచ్చి మేడంను పాత బ్యూరెట్ల బల్ల దగ్గరికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే నిలబడి నీళ్ళ ఉప్పదనం కొలిచారు, ప్రతిసారి ముందు బ్లాంక్ పెట్టి. నేను ఈ ఉద్యోగానికి మారేటప్పుడు ఫ్రిజ్‌లోంచి ఒక బాటిల్ తీసి ఇచ్చారు. చేతిపంపు నీళ్ళు. విచారణ మూసేశాక పారబోయమన్న బాటిల్. ఆసిడ్ వేసినవి కాబట్టి చెడిపోవు.

"కొత్త మిషన్లు బిగిస్తవు గద. బ్లాంక్ మంచిగ వస్తే గీ నీళ్ళు ఒకసారి పెట్టి చూడు. చూసి నాకు ఫోన్ చెయ్."

"ఎందుకు మేడం? ఇప్పుడు ఎవరికి చూపిస్తం?"

"ఎవరికీ వద్దు. గా పిల్ల ముంగట నేను రాసింది తప్పో ఒప్పో నాకు ఇంకా తెల్వది. అంకె అన్నా ఒప్పని తెల్వాలె."

అప్పటి నుంచి అదే చేస్తున్నాను. లాబువాళ్ళను అడిగి, యంత్రం అప్పగించే ముందు చివరగా ఆ నీళ్ళు కొద్దిగా పెడతాను. ఒక్కో ఊళ్ళో ఒక్కో యంత్రం, పాతదానికంటే కొత్తది, ఇంకా సూక్ష్మంగా కొలిచేది. ప్రతిసారి దాదాపు అదే అంకె. ఫోన్ చేసి చెప్పబోతే మేడం ఆపేసేవారు. "ముందు బ్లాంక్ ఎంతో చెప్పు తమ్మీ." సున్నా అనేవాడిని. అప్పుడు అంకె వినేవారు. తర్వాత మా అమ్మానాన్నల బాగోగులు అడిగేవారు. పోయిన ఎండాకాలం మేడం గుండెపోటుతో పోయారు. పెగడపల్లిలో మట్టి ఇచ్చాం. రాజయ్య వచ్చాడు. మట్టి వేసి చేయి కడుక్కోకుండా చాలాసేపు నిలబడ్డాడు. ఆమె రాసింది తప్పో ఒప్పో నేనూ తేల్చుకోలేదు. రాయకపోయి ఉంటే ఆ పిల్లకు ముందే వైద్యం అందేదేమో. రాయకపోయి ఉంటే ఆమె చెప్పే సున్నాను నేను నమ్మేవాడిని కాదేమో.

మొన్న సిరిసిల్లలో కుంకుమ గోడ మీద ఆరాక బ్లాంక్ పెట్టాను. సున్నా. బ్యాగులోంచి బాటిల్ తీసి చిన్న కప్పులో పోశాను. స్క్రీను మీద అంకె వచ్చింది. లాబు యజమాని భార్య వంగి చూసింది. "అమ్మో, ఎక్కడి నీళ్ళన్నా గివి? ఎవలన్న తాగుతున్నరా?" అని అడిగింది.

"ఇప్పుడు తాగుతలేరు చెల్లె," అన్నాను.

జేబులో ఫోన్ మీదికి చేయి పోయి వెనక్కి వచ్చింది. మూత బిగించి బాటిల్‌ను వెలుతురుకు ఎత్తి చూశాను. అడుగున ఇంకా కొంచెం ఉంది. ఇంకొన్ని యంత్రాలకు వస్తుంది.