నాయనకు అత్త పెట్టిన కూడు

మా మేనత్త పోయిందని పోయిన మంగళవారం పొద్దున మా ఊరు ఐరాల నుంచి ఫోను వచ్చింది. తిరుపతిలో నేను పిల్లలను బడికి తయారుచేస్తున్నాను. "వదిన తెల్లారి లేవలేదు పాపా. నిద్రలోనే పోయినట్టుండాది" అని మా అమ్మ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "మీ నాయన్ను చూస్తేనే భయంగా ఉండాది. నువ్వు తొందరగా రా" అంది.

అమ్మకు ఆ భయం ఎందుకో తెలియాలంటే అత్త ఏం చేసిందో చెప్పాలి.

నాయన చాలా ఏండ్లు సారా తాగాడు. నేను కాలేజీలో చేరేనాటికి, లేవగానే గ్లాసు పడకపోతే ఆయన చేతులు వణికేవి. అన్నం సయించేది కాదు. కాళ్లు తిమ్మిరెక్కి చెరకు తోట గట్టు మీద నడవలేకపోయేవాడు. ఒకరోజు తోటలోనే పడిపోతే తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయాం. వాళ్లు అక్కడే ఉంచుకుని, సూదులు వేసి, తాగుడు మాన్పించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ అమ్మను, అత్తను పిలిచి చెప్పింది: "ఒంట్లో సత్తువంతా పోయింది. మాత్రలు ఆపకండి. ఒకేసారి ఎక్కువ తినలేడు, కొంచెం కొంచెంగా పెడుతూ ఉండండి. ఆకలితో మాత్రం ఉంచకండి."

అత్త నాయనకు అక్క. భర్త లేడు, మా వీధిలోనే ఒక్కతే ఉండేది. ఆ రోజు నుంచి తన వంట మా ఇంటికి మార్చేసింది. పొద్దున్నే మజ్జిగ కలిపిన రాగిజావ, కాసేపటికి ఉడకబెట్టిన గుడ్డు. తోటకు పోతుంటే తువ్వాలులో వేయించిన చెనక్కాయలు, బెల్లం ముక్క. మధ్యాహ్నం సంగటి, ఆకుకూర పప్పు. మొదట్లో నాయన రెండు ముద్దలు తిని తోసేసేవాడు. అత్త కోప్పడేది కాదు. గిన్నె మీద మూత పెట్టి, కాసేపాగి మళ్లీ తెచ్చేది.

సాయంకాలమే కష్టం. పొద్దు వాలితే నాయన ఇంట్లో నిలవలేకపోయేవాడు. చెప్పులు వేసుకుంటే అమ్మ మొహం పాలిపోయేది. అత్త మాత్రం వేడివేడి అలసంద గుగ్గిళ్లు తెచ్చి ఎదుట పెట్టేది.

"యాడికన్నా పోదువులే. ముందు ఇది తిని పో."

"నాకు ఆకలి లేదక్కా."

"ఉండాది. నీకే తెలీడంలేదు. ఆకలైనా నీకు తాగాలనే అనిపిస్తాది రా."

గొణుక్కుంటూనే కూర్చునేవాడు. తిన్నాక చాలాసార్లు చెప్పులు విడిచేసేవాడు. అన్నిసార్లూ కాదు.

ఒకసారి గంగజాతరకు పోయి తాగి వచ్చాడు. అమ్మ ఏడుస్తూ గడియ పట్టుకుని తలుపు తీయనంది. అత్త ఆమె చేయి మెల్లగా తప్పించి తలుపు తీసింది. నాయనను కూర్చోబెట్టి చారన్నం పెట్టింది. తెల్లారి తనే వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి బస్సెక్కింది.

వాళ్లు తిరిగి వచ్చాక నేను కోపం ఆపుకోలేక అడిగాను. "తాగొచ్చిన నాయనకు కూర్చోబెట్టి అన్నం పెడతావా అత్తా?"

అత్త తోటకూర ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"నా కొడుక్కు పెట్టలేదు పాపా. తాగొస్తే నీకు కూడు లేదు పో అన్నాను. అట్లన్నా మారతాడేమో అనుకున్నా. వాడు తినేది మానేసినాడు, తాగేది మానలా. పోయినాక వాణ్ణి ఎత్తితే చిన్నపిల్లోని మాదిరి తేలిగ్గా ఉన్నాడు."

ఒలిచిన ఆకు చాటలో వేసి మళ్లీ తనే అంది. "పెట్టింటే బతికేవాడో లేదో నాకు తెలీదు. పెట్టింటే బాగుండు."

నేనూ పక్కన కూర్చుని తోటకూర ఒలిచాను.

ఏడాది తిరిగేసరికి నాయన చెంపలు నిండాయి. గడ్డం తనే గీసుకోగలిగాడు. ఒక మధ్యాహ్నం కంచం పట్టుకుని వంటింట్లోకే వచ్చి "ఇంకొంచెం పెట్టక్కా" అన్నాడు. అత్త వడ్డించి, పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు. తర్వాత ఊళ్లో ఆడవాళ్లు ఏం పెట్టి మాన్పించావని అడిగితే ఒకటే చెప్పేది. "ముందు ఆస్పత్రికి తీసకపోండి. ఒట్టి కూటితో అయ్యే పని కాదు. తీసకొచ్చినాక మాత్రం కడుపు మాడ్చబాకండి."

నేను ఐరాల చేరేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. పాడె కట్టేవాళ్లకు పక్కనే మందు పోస్తున్నారు. ఒకాయన నాయన చేతికి గ్లాసు అందించబోయాడు. "బాధలో ఉండావు, కొంచెం తీసుకో అప్పా." నాయన తల అడ్డంగా ఊపాడు. కొడుకు లేని అక్కకు తనే కొరివి పెట్టి వచ్చాడు. స్నానం చేసి అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. అమ్మా నేనూ లోపలి నుంచి చూస్తూనే ఉన్నాం.

చీకటి పడుతుండగా లేచాడు. అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. నాయన వీధిలోకి పోలేదు. లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, "ఆకలైతాంది. ఏమన్నా ఉండాదా?" అన్నాడు.

పక్కింటివాళ్లు తెచ్చిన అన్నం ఉంది. అమ్మ విస్తరి వేసింది. నాయన ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి, ఆగి ఏడ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని తిన్నాడు. మళ్లీ ఏడ్చాడు, మళ్లీ తిన్నాడు. విస్తరి ఖాళీ అయ్యేదాకా అమ్మ పక్కనే కూర్చుంది.