ఊఁ కొట్టి చెడగొట్టిన రికార్డింగు

కుర్రతనం నాకు ఉద్యోగంలో రిటైరయ్యాక వచ్చింది. చేతిలో ఫోను, చెవిలో ఇయర్‌ఫోన్లు, తలలో గాలి ఉన్న ఆ రోజుల్లో గద్వాలలో నాకొక స్టూడియో ఉండేది. (స్టూడియో అంటే మా ఆవిడ చీరల బీరువా. చీరల మధ్య తల దూర్చి మాట్లాడితే గొంతు గోడలకు తగిలి మోగదు. "చీరలతోని ఏం ముచ్చటయ్యా నీకు?" అనేది ఆవిడ.) అక్కడి నుంచి నేను చెప్పే పాడ్‌కాస్టును జిల్లాలకు జిల్లాలే వినేవి. సరే, నిజం చెబుతాను: ఇద్దరు పాత దోస్తులు, పొరపాటున నొక్కినవాళ్లు.

అప్పుడే తెలకపల్లిలో మా అక్కకు గొంతులో గడ్డ తేలింది. "ఆపరేషన్ అయినంక గొంతు గిట్లనే ఉంటదో లేదో చెప్పలేం" అన్నారు దవాఖానలో. అక్క కథ మొదలుపెడితే మా ఇంటి పిల్లలు అన్నం మరిచేవాళ్లు. ఆ గొంతును పట్టి ఉంచాలని, ఆమె దవాఖానకు పోయే ముందురోజు బస్సెక్కాను.

మంచం చుట్టూ పరుపులు పేర్చి, ఫ్యాను ఆపి, "స్టీరియో వద్దక్కా, ఒక్క మనిషి మాటకు మోనోనే మంచిది" అన్నాను, నేనే కనిపెట్టినట్టు. "ఏదో ఒకటి పెట్టు, ఉడ్కపోస్తున్నది" అంది అక్క. రొద తీసేసే సెట్టింగును ఆఖరిదాకా పెంచి, శబ్దం గీతలు చూసుకోవడానికి ఫోను నా ఒళ్లోనే పెట్టుకున్నాను. కథ వినేవాడు ఊఁ కొట్టాలి కదా, కొట్టాను. శబ్దం ఎక్కువై గీత ఎర్రబడినప్పుడల్లా అక్క గొంతు ఎంత గట్టిదో అని మురిసిపోయి, లెవెల్ తగ్గించుకుంటూ పోయాను. తీరా వింటే అక్క లేదు. ఊఁ, ఊఁ, ఊఁ, అంతా నేనే! ఎర్రబడింది నా ఊఁకే. నేను తగ్గించిన కొద్దీ అక్క మాట సన్నబడింది, సన్నబడినదాన్ని రొద అనుకుని ఫోను తుడిచేసింది.

"నా కథ ఏదిరా? బర్రె ఈనుతున్నట్టు గిదేంది?" అని అక్క నవ్వింది. ఆ నవ్వుకే గొంతు పట్టేసింది. "ఇంక ఇయాల నాతోని కాదు తమ్మీ."

తెల్లవారి ఆటో వచ్చేలోపు మళ్లీ కూర్చున్నాం. ఈసారి ఫోను ఆమె దిండు మీద. రొద తీసేసే సెట్టింగు పూర్తిగా బంద్. ఆమెతో ఒక ముక్క చెప్పించి, దానికి తగ్గట్టు లెవెల్ పెట్టి, నేను గడప దగ్గర నోట్లో తువ్వాలు కుక్కుకుని కూర్చున్నాను. కథ మొదలుపెట్టిన అక్క ఇంతలోనే ఆగిపోయింది.

"పన్నవారా, నిద్ర పట్టిందా?"

"లేదక్కా, నా ఊఁ పడితే పాడైతదని..."

"ఊఁ లేకుంటే గోడకు చెప్పినట్టుంటది. నేన్ చెప్ప."

తువ్వాలు తీశాను. మెల్లగా, దూరం నుంచి కొట్టాను. కథలోని ఏడుగురన్నల చెల్లె ఇల్లు చేరేసరికి బయట ఆటో హారన్ మోగింది. అదీ రికార్డులో పడింది.

ఆపరేషను బాగానే అయింది. గొంతు వచ్చింది కానీ బొంగురుగా, ఇంకెవరిదో అన్నట్టు. ఇప్పుడు ఆ కథ పెడితే అక్క కళ్లు మూసుకుని వింటుంది. "ఈయమ్మ మంచిగ చెప్తున్నది. గడప కాడ ఆ ముసలోడెవడు?"

పాడ్‌కాస్టులో విని రికార్డింగు అద్భుతమని పదిమంది రాస్తే సెట్టింగుల ఘనతంతా నాదేనని జవాబిచ్చాను. చివరి ఊఁ మాత్రం కొంచెం వణికింది. ఎందుకని ఎవరైనా అడిగితే, ఫోను చవకదండీ అంటాను. ఫోను మంచిదే.