ఆ ఒక్క వాక్యం ఆమెది

మా ఇద్దరినీ ఒకే రోజు ఉద్యోగంలోంచి తీసేశారు. హైటెక్ సిటీలో ఒకే ఆఫీసు, ఒకే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీము మాది. ఆమె నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. నిజాంపేటలో కిరాయింట్లో ఉండేవాళ్లు. భర్త క్యాబ్ తోలేవాడు గానీ, ఆ కారు రోడ్డు మీదకంటే మెకానిక్ షెడ్డులోనే ఎక్కువ ఉండేది. ఇల్లు గడిచేది ఆమె జీతంతోనే. మా ఆయనకు మంచి కొలువుంది కాబట్టి నాకు ఆ ఇబ్బంది లేదు. మీరు నా మీద జాలిపడతారేమోనని ముందే చెప్పేస్తున్నాను.

ఇక్కడ రెజ్యూమే మొదటి నుంచి ఎవరు రాస్తారు? తెలిసినవాళ్లది తెప్పించుకుని, పేరూ ఊరూ మార్చి పంపేస్తాం. నేనూ ఆమెనే అడిగాను.

"గింత దానికి అడగాల్నా అక్కా? పంపిస్త. ఫార్మాట్ అట్లనే ఉంచుకో, జర నీ వివరాలు మార్చుకో."

అందులో గొప్పలు లేవు. ఏం చేసింది, దానివల్ల ఏం మారింది, అంతే. రోజుల తరబడి సాగే పరీక్షలు ఆమె సొంతంగా రాసిన స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాముతో ఒక్క పూటలో ముగిసేవి. ఆ సంగతి ఒక్క వాక్యంలో రాసుకుంది. కాలేజీ, ఫోన్ నంబరు అన్నీ మార్చి, ఆ వాక్యం దగ్గర ఆగాను. దాని బదులు రాసుకోవడానికి నేను చేసిందేముంది? టీము పని అందరిదీ కదా అనుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, దాన్ని అలాగే ఉంచేశాను.

కొత్తగూడ దగ్గర ఒక కంపెనీలో ఒకే ఖాళీ ఉందని నాకు చెప్పిందీ ఆమే. ఇద్దరం అప్లికేషన్ పెట్టాం. ముందు నన్ను పిలిచారు. ప్రశ్నలన్నీ ఆ వాక్యం మీదే. పాత ఆఫీసులో ఆమె పక్కన కూర్చుని విన్నదంతా గడగడా అప్పజెప్పాను. మర్నాడు ఆమెను పిలిచారు. సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"అక్కా, నీ రెజ్యూమేల గూడ గదే లైన్ ఉన్నదంట. ఎవరు ఎవరిది కాపీ కొట్టిన్రని అడిగిన్రు."

"నువ్వేం చెప్పావ్?" అన్నాను.

"ఏం చెప్తనక్కా? నేను రాసిన అంటే నీది పోతది. ఇద్దరం కల్సి చేసినం అన్న. వాళ్లు నమ్మలే. ముందుగాల వచ్చి అంత చెప్పింది నువ్వాయె, నేనే కాపీ కొట్టిన అనుకున్నరు. ఇగ నాకైతే రాదు. నువ్వు ఫికర్ చేయకు."

తిట్టి ఉంటే ఎంత బాగుండేది! నేనే వాళ్లకు నిజం చెబుతానన్న మాట గొంతుదాకా వచ్చింది. "సరే, మళ్లీ మాట్లాడదాం" అని పెట్టేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఆ కంపెనీకి ఫోన్ చేయలేదు.

ఉద్యోగం నాకే ఇచ్చారు. చేరిన కొన్నాళ్లకు మేనేజరు, అలాంటి స్క్రిప్టే ఇక్కడా రాయమన్నాడు. నాకు రాదు. మెట్ల దగ్గరికి వెళ్లి ఆమెకే ఫోన్ చేశాను. ఆమెకింకా ఎక్కడా ఉద్యోగం దొరకలేదు. సంగతంతా విని, "ల్యాప్‌టాప్ ముందట కూసో అక్కా, మెల్లగ చెప్త" అంది.