మా ఆయన తీగల విమానం

మా ఆయనకు గోడలంటే ప్రేమేమో అనుకునేవారు మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లు. లిఫ్టు దిగితే గోడ పక్కన, సందులోకి పాలప్యాకెట్టుకు వెళ్తే గోడ పక్కన, ఎడమ చెయ్యి గోడకు రాసుకుంటూ నడిచేవారు. ప్రేమా లేదు, పాడూ లేదు. భయం.

పేరు లక్ష్మీకాంత్. గవర్నరుపేటలో కళ్లద్దాల షాపు నడిపిన మనిషి. సన్న మరను ఫ్రేములో బిగించేటప్పుడు ఆయన వేళ్లు చూడాలి, వణుకన్న మాటే ఉండదు. కిందటేడు ఎండాకాలం ఎవరికో కళ్లజోడు సరిచేస్తూ ఉన్నట్టుండి కౌంటరు మీదికి ఒరిగిపోయారు. గుండె అనుకుని హడలిపోయాం. గుండె కాదు, చెవి అన్నాడు డాక్టరు. మనిషిని తిన్నగా నిలబెట్టే ఏర్పాటు చెవి లోపల ఉంటుందట, అది అదుపు తప్పిందట. ప్రాణానికి భయం లేదు గానీ గిర్రున తిరగడాలూ, తల విసురుగా తిప్పడాలూ వద్దన్నాడు. ప్రాణానికి భయం లేదన్న ముక్కను ఈయన నమ్మలేదు.

ఆ రోజు నుంచీ ఆయన భయంతోనే కాపురం. షాపు మా తమ్ముడికి అప్పజెప్పారు. స్కూటరు తాళం నా చేతిలో పెట్టారు. స్నానానికి వెళ్తే గడియ పెట్టకూడదు, నేను బయట నిలబడి మాట్లాడుతూ ఉండాలి. పక్క మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలాలన్నా నన్ను లేపేవారు. విసుగు రాలేదంటే అబద్ధం. ఒక్కోసారి నోరు పారేసుకునేదాన్ని. అప్పుడాయన గోడ వైపు చూసేవారు. నాకు గుండెలో రాయి పడ్డట్టయ్యేది. ఈ మనిషి ఇక ఇలాగే గోడకు అతుక్కుని అయిపోతాడేమోనని నా భయం.

అలా ఉన్నప్పుడు జయపాల్ గారు వచ్చారు, చంకలో ఓ పొడుగాటి అట్టపెట్టె పెట్టుకుని. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో, విమానాల విభాగంలో ఈయనతో కలిసి ఉన్నాయన. క్యాంపుల్లో ఇద్దరూ బాల్సా అనే తేలిక కర్రతో బుల్లి విమానాలు చేసి ఎగరేసేవారట. పెళ్లయ్యాక ఈయన నోట ఒక్కసారైనా ఆ ఊసు వినలేదు నేను.

"విమానం కిట్టు కలకత్తా నుంచి తెప్పించాన్రా. కాళ్లు చేతకాకపోతే మానె, చేతులున్నాయిగా. కూర్చుని చెయ్యి," అన్నారు.

చేశారు. నా ఇస్త్రీ బల్ల పోయింది, నా గుండుసూదుల డబ్బా పోయింది. బల్ల మీద నమూనా కాగితం పరిచి, పుల్లల్ని దాని గీతల మీద సూదులతో నిలబెట్టి, జిగురు బొట్లు పెట్టి, రెక్కకు పక్కటెముకలు ఒక్కొక్కటే అతికించేవారు. ఆ కర్ర ఎంత తేలికంటే, ఫ్యాను వేస్తే ముక్కలన్నీ సోఫా కిందికి. మండుటెండల్లో ఫ్యాను ఆపుకుని కూర్చున్నాం. రెక్కల మీద పల్చటి కాగితం అతికించి దాని మీద ఏదో ఘాటు వాసన రంగు పూస్తే పై ఫ్లోరు వాళ్లు దిగివచ్చి అడిగారు. నేను గొణిగాను గానీ, బల్ల ముందు కూర్చున్నంతసేపూ ఆయన చెయ్యి గోడను వెతకకపోవడం చూసి నోరు మూసుకున్నాను.

ఎగరెయ్యడం ఎలాగో తెలిశాక నా ప్రాణం జల్లుమంది. దీనికి రిమోటు ఉండదు. రెక్క కొస నుంచి రెండు సన్నటి స్టీలు తీగలు వస్తాయి, వాటి చివర ఓ హ్యాండిల్. మనిషి మధ్యలో నిలబడి అది పట్టుకుంటే విమానం ఆయన చుట్టూ తిరుగుతుంది. మణికట్టు పైకి వంచితే పైకి, కిందికి వంచితే కిందికి. అది తిరిగినంతసేపూ మనిషీ తన చుట్టూ తాను తిరగాల్సిందే. మధ్యలో ఆపే మీట లేదు. ట్యాంకులో ఆయిలు అయిపోతేనే ఇంజను ఆగుతుంది.

"గిర్రున తిరగొద్దన్న మనిషికి లోకంలో ఇంకో సరదా దొరకలేదాండీ," అన్నాను.

"ఎగరెయ్యను కనకం. చేసి అలా పెట్టుకుంటా."

పెట్టుకున్నారు, టీవీ పక్కన. రోజూ దాని వంక చూడటం. ఓ రోజు వంటింట్లోంచి వచ్చేసరికి హాలు మధ్యలో, ఏ గోడా అందని చోట నిలబడి, అట్లకాడ పట్టుకుని మెల్లగా తిరుగుతున్నారు. మొహం పాలిపోయింది, చెమటలు. పరుగున వెళ్లి కుర్చీలో కూలేశాను.

"విమానాన్నే చూస్తుంటే కళ్లు తిరగవు కనకం. చుట్టుపక్కలవి చూస్తేనే తిరిగేది. అప్పట్లో మాకు అదే నేర్పారు," అన్నారు రొప్పుతూ. మళ్లీ ఆయనే, "ఒక్కసారి ఎగరేస్తా. సగం ట్యాంకే. నిలబడగలిగితే స్కూటరు తాళం అడుగుతా. పడిపోతే ఇక నిన్నేదీ అడగను," అన్నారు.

ఇక ఏదీ అడగనన్న మాటకే నాకెక్కువ భయం వేసింది. సరేనన్నాను.

గన్నవరం వైపు ఎయిర్‌పోర్టు ఉంది కాబట్టి అటు వద్దన్నారు జయపాల్ గారు. కంకిపాడు దాటాక కాలవ పక్కన, ప్లాట్లు వేసి అమ్ముడుపోని ఓ వెంచరు చూశారు. చదును చేసిన నేల, కరెంటు స్తంభాలు ఇంకా పాతలేదు. ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. నేను స్కూటరు నడుపుతుంటే ఆయన వెనక కూర్చుని నా భుజం పట్టుకున్నారు. ఆ పట్టుకు భుజం కందిపోయింది.

జయపాల్ గారు తీగలు చిక్కు పడకుండా పరుస్తూ, "చెల్లెమ్మా, సిరంజితో ఆయిలు మీరు పొయ్యండి," అన్నారు. స్పిరిట్టూ ఆముదమూ కలిపిన ఆయిలు. సగమే పొయ్యాలని నాకు తెలుసు. కానీ మా ఇంట్లో ఎవరికీ సగం గ్లాసు మజ్జిగ ఇచ్చి ఎరగను. గడప తొక్కిన మనిషికి అంచు దాకా పోస్తేనే పోసినట్టు. మనసంతా ఆయన మొహం మీద ఉంది, చేతులు వాటి అలవాటు అవి చేసుకుపోయాయి. గొట్టంలోంచి పైకి పొర్లాక గుడ్డతో తుడిచేశాను. పొర్లిందంటే నిండిందని ఆ క్షణాన తట్టనే లేదు.

ఆయన మధ్యలో నిలబడ్డారు. దగ్గర్లో ఎటు చూసినా గోడ లేదు. జయపాల్ గారు ఇంజను తిప్పి, విమానాన్ని నేల మీద పట్టుకుని, చెయ్యెత్తి వదిలారు. గీమని అరుస్తూ లేచింది. ఆముదం కాలిన వాసన. ఆయన తిరుగుతున్నారు, చూపు విమానం మీదే, అడుగు తర్వాత అడుగు. నిలబడ్డారు. నిజంగానే నిలబడ్డారు.

ఇంజను ఇక ఆగాలి. ఆగలేదు. జయపాల్ గారు నా వైపు చూశారు.

"సగమే పోశారా అమ్మా?"

నా చేతిలో గుడ్డ ఆయిలుతో తడిసి ఉంది.

అంతలో ప్లాట్లు చూడ్డానికి కారులో వచ్చిన ఒకాయన ఫోను ఎత్తి వీడియో తీసుకుంటూ తిన్నగా తీగలు తిరిగే చోటికి నడిచి వస్తున్నాడు. తీగ తగిలితే కోసుకుపోతుంది. "ఆగండి, లోపలికి రాకండి," అని మా ఆయన అటు చూసి అరిచారు. జయపాల్ గారు పరిగెత్తి ఆ మనిషిని చొక్కా పట్టి వెనక్కి లాగారు. కానీ ఈయన చూపు విమానం మీద నుంచి తప్పిపోయింది. మోకాళ్లు వంగాయి. విమానం నేల దాకా దిగి, మళ్లీ తూలుతూ లేచింది. ఆయన ఎడమ చెయ్యి గాల్లో గోడ కోసం వెతికింది.

ఆ చెయ్యి చూశాక నేను ఆగలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని, నడుం వంచి, తీగల కింద నుంచి మధ్యకు పరిగెత్తాను. నెత్తి మీద తీగ సుయ్యిమంటూ పోయింది. చచ్చిపోతాననే అనుకున్నాను. వెనక నుంచి ఆయన నడుం వాటేసుకుని, మొహం వీపుకు ఆనించి, ఆయనతో పాటు తిరగడం మొదలుపెట్టాను.

"ఇంకా ఆగలేదేం కనకం?"

"నిండా పోశానండీ."

ఇంకో చుట్టు తిరిగాం. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండును.

"వదలకు," అన్నారు.

"వదలను. మీరు నేల చూడొద్దు. విమానాన్ని చూడండి."

ఆయన గుండె నా చెంప కింద దడదడ కొట్టుకుంటోంది, నాది అంతకంటే. పడితే ఇద్దరం పడతాం, ఆ వేగంతో అది ఎవరి మీద పడుతుందో దేవుడికే తెలియాలి. కళ్లు గట్టిగా మూసుకుని వెంకటేశ్వరుణ్ణి తలుచుకుంటూ తిరిగాను. మెల్లగా ఆయన అడుగులు కుదురుకోవడం నా కాళ్లకు తెలుస్తోంది. మొదట నేను తిప్పుతున్నాను. తర్వాత ఎప్పుడో ఆయనే నన్ను తిప్పుతున్నారు.

ఇంజను టపటపమని ఆగింది. తీగల సుయ్యిమనే చప్పుడు మిగిలి, అదీ తగ్గి, కంకర మీద ఏదో గరగరా ఈడ్చుకుపోయిన మోత. దిగింది.

నేను చేతులు వదిలి కళ్లు తెరిచాను. కాలవ, కారు, జయపాల్ గారు, ఆకాశం అన్నీ కలిసి గిరగిరా తిరిగాయి. రెండడుగులు వేసి దభీమని కూలబడ్డాను. నేల పట్టుకుందామంటే నేలా నిలవడం లేదు. ఏడాదిగా ఈయన పడుతున్నది ఇదా అని మొదటిసారి తెలిసింది. ఇన్నాళ్లూ విసుక్కున్నందుకు ఏడుపొచ్చింది.

ఆయన హ్యాండిల్ కింద పెట్టి నా పక్కన వంగారు. ఏ ఆసరా లేకుండా నిలబడే ఉన్నారు.

"నువ్వు విమానాన్ని చూడలేదు కదూ?"

"మిమ్మల్ని పట్టుకున్నానండీ. విమానాన్నెక్కడ చూసేది?"

జయపాల్ గారు మంచినీళ్లు తెచ్చారు. ఎండ ముదురుతున్నా నా తల నిలకడకు రాలేదు, స్కూటరు నడిపే స్థితిలో లేను. మా ఆయన చెయ్యి చాచారు.

"తాళం ఇవ్వు కనకం."

నాకు భయమే. ఇవ్వనందామని నోటిదాకా వచ్చింది. కొంగు ముడి విప్పి ఇచ్చాను. జయపాల్ గారు తన బండి మీద వెనకే వస్తానన్నారు. ఆయన స్కూటరు స్టార్టు చేశారు, మెల్లగా, నడిచి వెళ్లేవాళ్లు దాటిపోయేంత మెల్లగా. నేను వెనక కూర్చుని రెండు చేతులతో నడుం పట్టుకున్నాను. ఈసారి కళ్లు మూసుకోలేదు. వెంచరు దాటేదాకా ఎడమ పక్కన ప్రహరీ గోడ చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా మా వెంట వచ్చింది. ఆయన అటు చూడలేదు. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి.