మా అత్త వండిన చప్పిడి కూర

ఆ రోజు మా బడికి నర్సమ్మ వచ్చింది పిల్లల కోసం, నా కోసం కాదు. వాకాడు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో అప్పటికి పదహారేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పిల్లల ఎత్తూ బరువూ చూడటం అయ్యాక, ఇంకా టైముంది కదా, సార్లు కూడా బీపీ చూపించుకోండి అందామె. నవ్వుతూ చెయ్యి చాపాను. ఒకసారి చూసి, పట్టీ విప్పి రెండో చేతికి కట్టింది. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమని మళ్లీ చూసింది. పై అంకె నూట తొంభై, కింది అంకె నూట పది. ఇప్పుడే టీ తాగాను, గతుకుల్లో బండి మీద వచ్చాను అని ఏవో కారణాలు చెప్పాను. ఆమె వినిపించుకోకుండా ప్యాంటు కాస్త పైకి తీయమని, ముంగాలి మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా ఆ గుంట అలాగే ఉండిపోయింది.

“నాకేం బాధ లేదమ్మా,” అన్నాను.

“బాధ తెలియకపోవడమే చెడ్డది సార్. ఈ రోజే పోయి రక్తం, మూత్రం చూపించుకోండి.”

ఏ పరీక్షలు చేయించుకోవాలో చీటీ రాసిచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని మర్చిపోయాను. మర్నాడు మధ్యాహ్నం ఆమె మళ్లీ వచ్చింది. ఆ రోజు ఆమెకు మా బడిలో పనేమీ లేదు. నేను వెళ్లానో లేదో అడగడానికే అంత దూరం స్కూటీ మీద ఎండలో వచ్చింది. సిగ్గేసి, ఆ సాయంత్రమే గూడూరు పోయి రక్తం ఇచ్చాను. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ రెండున్నర దగ్గర ఉంది. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. ల్యాబులో కాగితం ఇచ్చినతను, ఆలస్యం చేయకుండా నెల్లూరులో కిడ్నీ డాక్టరుకి చూపించుకోమన్నాడు.

నెల్లూరు డాక్టరుగారు ముందు కాగితాలు చూడలేదు. ఏ మాత్రలు వేసుకుంటారని అడిగారు. రోజూ ముప్పై కిలోమీటర్లు బండి నడపడంతో నాకు నడుం నొప్పి. మందుల షాపులో చీటీ లేకుండానే నొప్పి మాత్రలు తెచ్చుకుని నాలుగేళ్లుగా మింగుతున్నాను. ఆ మాట చెప్పగానే ఆయన కలం కింద పెట్టారు. ఎప్పటినుంచో ఉన్న బీపీ ఒకవైపు, ఆ మాత్రలు ఇంకోవైపు నా కిడ్నీలను తినేశాయట. కిడ్నీ పాడైతే బీపీ ఇంకా పెరుగుతుంది, బీపీ పెరిగితే కిడ్నీ ఇంకా పాడవుతుంది అని విడమరిచి చెప్పి, నొప్పి మాత్రలు మాన్పించి బీపీకి మాత్రలు రాశారు. డయాలసిస్ చేస్తారా అని నాతో వచ్చిన మా ఆవిడ అడిగింది.

“ఇప్పుడైతే అవసరం లేదమ్మా. పోయింది తిరిగి తేలేను. మిగిలింది చాలాకాలం కాపాడుకోవచ్చు. అందులో సగం పని నా మందులది, సగం మీ వంటింటిది.”

మా వంటింటి సంగతి చెప్పాలి. మా మేనత్తే నాకు పిల్లనిచ్చిన అత్త. మావయ్య పోయాక మా దగ్గరే ఉంటోంది. నలభై ఏళ్లుగా ఆమె పని చేపలకు ఉప్పు పట్టించి ఎండబెట్టి అమ్మడం. రేవులో నెత్తళ్లు, కానాగంతల లాంటి చేపలు కొని, తొట్లలో ఉప్పేసి, ఇసుక మీద వలలు పరిచి ఆరబోస్తుంది. ఆమె అరిచేతులు ఉప్పుకి తెల్లగా పగిలి ఉంటాయి. మా ఇంట్లో ఎండుచేప లేని పూట లేదు, పచ్చడి లేని కంచం లేదు.

నెల్లూరు నుంచి వచ్చిన మర్నాడు ఆమె వండిన వంకాయ కూరలో డాక్టరు చెప్పినట్టు చిటికెడు ఉప్పే వేసింది. ఒక్క ముద్ద తిన్నాను. ఇంతకంటే చావడం మేలని కంచం నెట్టేసి లేచిపోయాను. వయసులో పెద్దది, నన్ను ఎత్తుకుని పెంచింది. ఆమె ముందు ఆ మాట అన్నందుకు ఇప్పటికీ తల దించుకుంటాను. ఆమె నేను వదిలేసిన కంచం ముందుకు లాక్కుని, అదే కూర తాను తిన్నది.

“అవును, చప్పగానే ఉండాది. రేపు ఇంకోరకంగా చేస్తాలే అబ్బయ్యా,” అంది.

మర్నాడు నిజంగానే ఇంకోరకంగా చేసింది. ధనియాలు, మిరియాలు, జీలకర్ర వేయించి దంచింది. వెల్లుల్లి ఎక్కువ వేసింది. గూడూరు నుంచి నిమ్మకాయలు తెప్పించి, దించాక కూరలో పిండింది. నా రక్తంలో పొటాషియం కొంచెం ఎక్కువుందని డాక్టరు చెప్పడంతో, కూరగాయలు తరిగి ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండేది. కొబ్బరినీళ్లు, అరటిపండ్లు ఇంట్లోకి రాలేదు. అవి అందరికీ చెడ్డవి కావని, నా పరీక్షను బట్టి నాకు వద్దన్నారని, వచ్చినవాళ్లందరికీ ఆమే చెప్పేది. ఎవరో ప్రేమగా తక్కువ సోడియం ఉప్పు అని ఒక డబ్బా తెచ్చిచ్చారు. ఆమె దాన్ని విప్పకుండా నా చేతికిచ్చి ముందు డాక్టరుకి చూపించుకు రమ్మంది. అందులో ఉండేది పొటాషియమే, మీకు పనికిరాదు అన్నారాయన. చదువుకున్న నాకు రాని అనుమానం ఆమెకు వచ్చింది.

మొదట్లో నాకొకటి, వాళ్లకొకటి రెండు గిన్నెలు పెట్టేవాళ్లు. నెల తిరక్కముందే ఒకటైంది. ఎవరు చెప్పారో తెలియదు, ఎప్పుడు జరిగిందో కూడా గమనించలేదు. మా ఆవిడ, అత్త నాతో పాటు అదే తింటున్నారు. మూడు వారాలు దాటేసరికి నా నాలుక కూడా దారికొచ్చింది. కొత్తిమీరలో, పచ్చి చేపలో ఉండే రుచి నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. చేప పూర్తిగా మానక్కర్లేదన్నారు, ఒక ముక్కతో సరిపెట్టుకోమన్నారు. ఆ ఒక్క ముక్కా అత్త నడిమి ముక్క ఏరి వేసేది.

అంత చేసినా నేను ఒకసారి తప్పు చేశాను. ఏడాది తిరిగేసరికి వాపులు పోయాయి, బీపీ దిగింది, నాకు నయమైపోయిందనుకున్నాను. ఎవరో కిడ్నీలకు పసరు ఇస్తారంటే ఇంట్లో చెప్పకుండా పోయి తాగాను. పసరు తాగే నలభై రోజులూ మాత్రలు పక్కన పెట్టమన్నాడు పసరిచ్చినాయన, పెట్టాను. ఇరవయ్యో రోజుకి పాఠం చెబుతూ చెబుతూ కళ్లు మసకబారి కుర్చీ పట్టుకున్నాను. బీపీ మళ్లీ నూట ఎనభై దాటింది. క్రియాటినిన్ మూడుకి పోయింది. నెల్లూరు వెళ్లే బస్సులో మా ఆవిడకి విషయం చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. డాక్టరుగారు తిడతారనుకున్నాను. ఆయన పసరు ఎన్నాళ్లు తాగారో రాసుకుని, దాచకుండా చెప్పారు, అది నాకు చాలు అన్నారు. మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. మూడు నెలలకు పెరిగిందాంట్లో కొంత దిగింది. అంతా దిగలేదు. దిగని ఆ కాస్త నా మూర్ఖత్వానికి మిగిలిన గుర్తు.

ఆ తర్వాత ఇంటికే బీపీ మెషిన్ కొన్నాం. ఒక ఉదయం నేను చూసుకుంటుంటే, అత్తా నువ్వూ చెయ్యి పెట్టు అన్నాను. నాకెందుకని తప్పించుకుంది. నర్సమ్మని పిలుస్తానని బెదిరిస్తే పెట్టింది. నూట డెబ్బై. ఎన్నేళ్లుగా ఉందో ఎవరికీ తెలియదు. నా కోసం ఆమె చప్పిడి తింటోంది అనుకున్నాను. అది ఆమెకే అవసరమని ఆ రోజు తెలిసింది. పరీక్షలన్నీ చేయిస్తే కిడ్నీలు బాగున్నాయి. ఆ కాగితం చూసి నేను పడ్డ సంతోషం నా కాగితం ఎప్పుడూ ఇవ్వలేదు. ఇప్పుడు ఇద్దరం పొద్దున్నే ఒకే చెంబు నీళ్లతో మాత్రలు వేసుకుంటాం. ఆమె వ్యాపారం మానలేదు. కాకపోతే కొనేవాళ్లని బీపీ ఉందా అని అడుగుతుంది. ఉందంటే, “తినబాకమ్మా, పచ్చి చేప కొనుక్కో,” అని పంపించేస్తుంది.

ఇదంతా మొదలై ఏడేళ్లయింది. క్రియాటినిన్ రెండున్నర, మూడు మధ్యలో ఉంటోంది. రేపు పెరగవచ్చని డాక్టరుగారు దాచకుండానే చెప్పారు. ఈ ఏడేళ్లలో ఏడు బ్యాచీల పిల్లలు నా దగ్గర గుణింతాలు నేర్చుకుని వెళ్లారు. పెళ్లిళ్లలో ఆకు ముందు కూర్చుని వట్టి పెరుగన్నం తిని లేవడం నేర్చుకున్నాను.

పోయిన నెల నెల్లూరు ఆస్పత్రిలో నా పక్కన బోగోలు వైపు రైతు ఒకాయన కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. మొదటిసారి వచ్చాడట. “అన్నా, మనం ఎన్నాళ్లు బతుకుతాం?” అని మెల్లగా అడిగాడు. అతనికి నా ఏడేళ్ల సంగతి చెప్పాను, పసరు సంగతి కూడా దాచలేదు. ఇంట్లో వంట ఎవరు చేస్తారని అడిగాను. అమ్మ అన్నాడు. ఈసారి వచ్చేటప్పుడు ఆమెను కూడా తీసుకురమ్మన్నాను. అతను ఫోన్ తీసి అప్పుడే ఇంటికి చేసి, అమ్మని పిలవమన్నాడు.