ఆకురాయి పెట్టిన బంతులు

తాతయ్యకు కనిపించిన ప్రతి వస్తువునూ తిప్పి చూడటం అలవాటు. డబ్బా మూతను మూడోవంతు తిప్పి, అది మునుపటిలాగే కనిపిస్తే తల ఆడించేవాడు. లేకపోతే మొహం చిట్లించేవాడు. మనవల మొహాలకు కూడా ముక్కు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ఎడమా కుడీ సరిచూసేవాడు. ఒక్కరూ పాసు కాలేదు. "ముందు మీది చూసుకోండి. ఎడమ మీసం కుడి మీసంతో మాట్లాడటం మానేసి చాలా రోజులైంది" అని అమ్మమ్మ అద్దం తెచ్చి పెడితే మాత్రం ఆయనకు ఉన్నట్టుండి ఏదో పని గుర్తొచ్చేది.

అది ఉద్యోగం అంటించిన జబ్బు. కాలేజీ వడ్రంగి అంటే బల్లలు, కుర్చీలు చేసేవాడనుకుంటారు అందరూ. తాతయ్య చేసినవి స్ఫటికాలు. ఉప్పు రవ్వలోనో, ఇనుప ముక్కలోనో పరమాణువులు ఎలా బారులు తీరి ఉంటాయో, దాన్ని చెక్క బంతులతో, ఉక్కు ఊచలతో కట్టి చూపించేవాడు. మెట్ల కింద గది ఆయన వర్క్‌షాపు. ఒకటే కిటికీ. కిటికీ కింద లేత్ మిషన్, గోడకు వరసగా రంగు డబ్బాలు, నేలంతా చెక్కపొట్టు. ఆ పొట్టు జేబుల్లో ఇంటిదాకా వచ్చేది. అమ్మమ్మ చొక్కాలు ఉతికిన ప్రతిసారీ దానికి తగిన ప్రసంగం కూడా చేసేది.

వేలకు వేల పరమాణువుల చోట్లు ఎవరు కొలుస్తారు? ఎవరూ కొలవక్కర్లేదు. అందులోనే ఉంది కిటుకంతా. స్ఫటికాన్ని ఎంత తిప్పితే మళ్ళీ అలాగే కనిపిస్తుందో తెలిస్తే, ఒక్క బంతి చోటు చాలు. తిప్పుతూ పోతే మిగతావి వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. ఆ లెక్కలు కట్టి ఇచ్చే ప్రొఫెసరు దాన్ని సౌష్ఠవం అనేవాడు. తాతయ్య తిప్పుడు అనేవాడు. ఇద్దరికీ పని జరిగిపోయేది.

ఈ పనిలో తాతయ్యకు ఒకటే కట్టుబాటు. బంతి అంటే పరమాణువు కొలత. బెజ్జం కోణం కుదరకపోతే మళ్ళీ తొలవాలి, అంతేగాని బంతికి ఆకురాయి తగలకూడదు. బంతిని వెంట్రుకవాసి అరగదీసినా చెక్కతో అబద్ధం చెప్పినట్టే. ముప్పై ఒక్క ఏళ్ళ పాటు ఒక్క బంతినీ అరగదీయలేదు. "తప్పుంటే నా లెక్కలో ఉంటుంది, వీడి బంతిలో ఉండదు" అని ప్రొఫెసరు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అయిదో తరగతితో ఆగిన మనిషికి అంతకన్నా పెద్ద పట్టా ఏముంటుంది?

ఆ అయిదో తరగతిలో ప్రొఫెసరు కూర్చున్నది తాతయ్య పక్కనే. ఒకడు బడిలో ఉండిపోయాడు, ఒకడు రంపం పట్టాడు. కాలేజీలో మళ్ళీ కలిశాక సెలవు రోజుల్లో ప్రొఫెసరు ఇంటికొచ్చి, అమ్మమ్మను చెల్లెమ్మా అని పిలిచి, తాతయ్య పళ్ళెంలోదే తీసుకు తినేవాడు.

ఒకసారి ప్రొఫెసరు కొత్త పదార్థం ఒకటి లెక్క తేల్చి కాగితం ఇచ్చాడు. నడిమి ఊచ చుట్టూ చిన్న బంతులు. ఆరోవంతు తిప్పితే అంతా మునుపటిలాగే కనిపించాలి. అంటే ప్రతి అంతస్తులోనూ ఆరు. నాలుగు అంతస్తులకు ఇరవై నాలుగు బంతులు. తాతయ్య రెండు రోజులు అవస్థపడి, మూడో రోజు ప్రొఫెసరును కిందికి పిలిచాడు.

"నీ ఆరు బంతులు బస్సులో సీటు కోసం తోసుకున్నట్టు తోసుకుంటున్నాయిరా."

"సరిగ్గా కొలిచావా?"

తాతయ్య ఒక్క చూపు చూశాడు. ప్రొఫెసరు నాలుక కరుచుకున్నాడు.

"ఇటు చూడు. ఒకటి విడిచి ఒకటి, మూడు తీసేశా. మిగతా మూడూ హాయిగా కూర్చున్నాయి. తీసిన చోట్లు పై అంతస్తులో నింపా. ఇప్పుడు పైనుంచి చూసి చెప్పు, ఎన్ని?"

ప్రొఫెసరు వంగి చూశాడు. "ఆరు."

"మోసపోయావు! కింద మూడు, పైన మూడు. ఊరికే ఆరోవంతు తిప్పితే చాలదురా. తిప్పి, ఒక మెట్టు ఎక్కాలి. గుండ్రంగా తిరిగే మెట్లు ఎక్కమూ? అలాగ."

ప్రొఫెసరు స్టూలు మీద కూలబడ్డాడు. తల గోక్కున్నాడు, కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు. "ఆరు అని వ్యాసం అచ్చయిపోయిందిరా. వచ్చే వారం మా శాస్త్రానికి పెద్దావిడ చూడటానికి వస్తోంది. ఆవిడ సరేనంటేనే మా ల్యాబు నిలుస్తుంది."

"అయితే?"

"పక్కలు కాస్త తగ్గించు. ఆరూ పడతాయి."

"ఆకురాయి పెట్టమంటావా? నన్నా?"

"ఈ ఒక్కసారికి. ఆవిడ వెళ్ళాక నేనే దిద్దుకుంటాను. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను, నీ మీదికి రానివ్వను. నా మాట నమ్మవా?"

నమ్మాడు. తాతయ్య ఇరవై నాలుగు బంతులకూ రెండేసి పక్కలు అరగదీశాడు. తీసినచోట ఎర్ర రంగు రెండు పూతలు వేశాడు. ఆ వారమంతా ఇంట్లో చేతులు పదే పదే కడుక్కుంటుంటే, "రంగు పోవడం లేదా?" అని అమ్మమ్మ అడిగింది. "పోయింది" అన్నాడు, మళ్ళీ కడుక్కుంటూ.

పెద్దావిడ రానే వచ్చింది. ఆ శాస్త్రంలో ఆవిడ మాటకు తిరుగు లేదట. పొట్టి మనిషి, చేతికర్ర, జేబులో భూతద్దం. నమూనాను అద్దాల బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టారు. ఎక్కడైనా ఊచ సడలితే బిగించడానికి తాతయ్య పక్కనే నిలబడ్డాడు. ఆవిడ భూతద్దం తీయనేలేదు. వేళ్ళతో తడిమింది. బొటనవేలు ఒకచోట ఆగింది. పక్క బంతి మీదికి వెళ్ళింది. అక్కడా ఆగింది.

"ఇవి గుండ్రంగా లేవే?"

తాతయ్య నిబ్బరంగానే ఉన్నాడు. చెప్పుకుంటానన్నవాడు పక్కనే ఉన్నాడు కదా.

"మా వడ్రంగి చేశాడండీ" అన్నాడు ప్రొఫెసరు. "చదువు లేని మనిషి. ఎక్కడో కొలత తప్పి, పట్టక, నాకు చెప్పకుండా అరగదీసేసినట్టున్నాడు."

మా వడ్రంగి. తాతయ్యకు ముందు అర్థం కాలేదు. ఇంకెవరైనా వడ్రంగి ఉన్నాడేమోనని వెనక్కి తిరిగి చూశాడు కూడా.

పెద్దావిడ ప్రొఫెసరును వదిలి ఆయన వైపు తిరిగింది. "ఏం నాయనా, కొలత తప్పిందా? లేక లెక్క ప్రకారం చేస్తేనే పట్టలేదా?"

అడగాల్సిన ప్రశ్నే అడిగింది మహాతల్లి. మూడూ, మూడూ, ఒక మెట్టు. నాలుగు మాటల్లో అయిపోతుంది. తాతయ్య స్నేహితుడి మొహం చూశాడు. ప్రొఫెసరు జేబురుమాలుతో కళ్ళజోడు తుడుస్తున్నాడు. మచ్చ లేని అద్దాన్ని అంత శ్రద్ధగా తుడిచేవాణ్ణి తాతయ్య అంతకుముందు చూడలేదు. తను నోరు విప్పితే ఆ ల్యాబు, ఆ పేరు, ఆ మనిషి ఒక్క దెబ్బకు పోతారు.

"నా చేతి తప్పేనమ్మా" అన్నాడు.

"చాలా గొప్పగా విన్నాను నీ చేతి గురించి" అని ఆవిడ బంతిని మెల్లగా వదిలేసింది. కోప్పడి ఉంటే బాగుండేది.

సాయంత్రం ప్రొఫెసరు మెట్లు దిగి వస్తాడని తాతయ్య లేత్ ఆపేసి కూర్చున్నాడు. రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇంటికి తెస్తే అమ్మమ్మ పైకి చదివింది. "పై అధికారికి తెలియజేయకుండా నమూనాను పాడుచేసినందుకు వారం లోపల సంజాయిషీ ఇవ్వవలెను." కింద సంతకం చూసి ఆగిపోయింది.

"ఇది అన్నయ్య సంతకం కదండీ?"

"ఊఁ."

"పళ్ళెంలో చెయ్యి పెట్టి తిన్నాడే!"

"ఇప్పుడు ఆ పళ్ళెం మాటెందుకే" అని తాతయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పట్టపగలు. గురక లేదు. ఆయన గురకకు ఇల్లంతా అలవాటు పడిపోయి ఉంది కాబట్టి నిద్రపోలేదని అందరికీ తెలిసిపోయింది.

సెలవు రోజు పొద్దున్నే ప్రొఫెసరు వచ్చాడు. గుమ్మంలోంచే "చెల్లెమ్మా, కాస్త మంచినీళ్ళు" అన్నాడు. నీళ్ళు తాగి, ఏమీ జరగనట్టే జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"ఆ నోటీసు ఉత్తుత్తిదేరా, ఫైలు కోసం. ఇదిగో అసలు సంగతి. పట్టకపోవడానికి కారణం ఉండాలని పెద్దావిడ పట్టుబట్టింది. మళ్ళీ లెక్క వేశానని, తేలిందని ఉత్తరం రాశాను. తెగ మెచ్చుకుంది. దీనికి నమూనా కావాలి, నెలాఖరుకల్లా."

తాతయ్య కాగితం విప్పాడు. కింద మూడు, పైన మూడు. ఆరోవంతు తిప్పి, ఒక మెట్టు. తన మాటే, స్నేహితుడి దస్తూరీలో.

"ఇది నేను చెప్పానని రాశావా?"

"ఆవిడకు నువ్వు తెలిస్తే కదరా!"

"తెలుసు. కొలత తప్పి బంతులు పాడుచేసిన వడ్రంగిగా తెలుసు. ఆ ఒక్క ముక్కా దిద్దు. లెక్క నీదే అని ఉంచుకో, నాకక్కర్లేదు. ఆకురాయి పెట్టమన్నది నువ్వని రాయి. చాలు."

తాతయ్య మాట పూర్తికాకుండానే అమ్మమ్మ తెల్లకాగితం, కలం తెచ్చి ప్రొఫెసరు ముందు పెట్టింది. కలం మూత కూడా తీసి పెట్టింది. "రాసేయండి అన్నయ్యా. రెండు వాక్యాలే కదా. పోస్టులో నేను వేస్తాను."

ప్రొఫెసరు కలం పట్టుకున్నాడు. కాగితం సర్దుకున్నాడు. పాళీ కాగితానికి ఆనేదాకా వచ్చి ఆగింది.

"ఇలాంటివి తొందర్లో రాయకూడదు చెల్లెమ్మా" అని కలం కింద పెట్టేశాడు. "తీరిగ్గా రాస్తాలే."

తాతయ్య నవ్వాడు. లెక్కల కాగితాన్ని పాత మడతల మీదే మడిచి, చంటిపిల్లాడికి రుమాలు పెట్టినట్టు స్నేహితుడి చొక్కా జేబులో పెట్టాడు.

"నాది తప్పులు చేసే చెయ్యి. నువ్వే చెప్పావు, నేనూ ఒప్పుకున్నాను. దీంతో నీకెందుకు నమూనా?"

సోమవారం సంజాయిషీతో పాటు ఇంకో దరఖాస్తు కూడా ఇచ్చాడు. బెంచీల సెక్షనుకు మార్చమని. మార్చారు. రిటైరయ్యేదాకా పరీక్ష హాళ్ళకు బెంచీలు చేశాడు. ప్రొఫెసరు అటుగా వెళ్తూ ఎప్పుడైనా ఆగితే, తాతయ్య రంపం పక్కన పెట్టి, లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, "నమస్కారం సార్, బాగున్నారా అండీ" అనేవాడు.

అంత మర్యాదగా ఆయన జీవితంలో ఇంకెవర్నీ తిట్టలేదు.